పాచి దీపం

మా మరిది బెతేరో మా ఇంటికి ఊరికే రాడు. చేతిలో నీరా సీసా ఉంటే ఏదో అడగడానికి వచ్చాడని, చేప ఉంటే ఇంకా పెద్దదేదో అడగడానికి వచ్చాడని అర్థం. ఆ రోజు రెండూ తెచ్చాడు.

"వదినా, ఒంట్లో బాగుందా?" అన్నాడు చాప మీద కూర్చుంటూ.

"బాగానే ఉంది. ఏం కావాలో చెప్పు."

"అబ్బే, ఏమీ లేదు. ఊరికే నిన్ను చూసిపోదామని."

"చూశావుగా."

అతను నవ్వాడు. బెతేరో నవ్వితే చాలా బాగుంటాడు. ఆ నవ్వుకే ఊళ్లో సగం ఇళ్ల సామాను అతని ఇంటికి చేరింది. కాసేపు మనవరాలి ముచ్చట్లు చెప్పాడు. పాపకి ఏడాది నిండబోతోంది. మొదటి పుట్టినరోజంటే మాకు పెళ్లి కన్నా పెద్ద పండగ. ఊరంతా వచ్చి తింటుంది, పక్క ఊళ్లు కూడా వస్తాయి.

"పట్టిన చేపలు ఐసులో పెట్టడానికి పెట్టెలు చాలడం లేదు వదినా," అన్నాడు చివరికి. "రేవు దగ్గర నీకు తొట్లు ఉన్నాయి కదా, మూతలతో సహా. వాటి కోసం నిన్ను బుబుసి చేస్తున్నాను."

బుబుసి అన్న మాట నోట్లోంచి వచ్చాక మా దగ్గర ఇంక మాట్లాడడానికేమీ ఉండదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, వియ్యంకులు, ఎవరు ఆ మాట అన్నా అడిగింది తీసి చేతిలో పెట్టాలి. లేదనడం ఉండదు. దాని వల్లనే ఈ దీవిలో ఎవరూ పస్తు పడుకోరు, అది నిజం. దాని వల్లనే ఎవరి దగ్గరా ఒక గడియారం ఏడాది నిలవదు, అదీ నిజమే. నా కుట్టు మిషను అలాగే పోయింది. సైకిలూ అలాగే పోయింది. నేనేమీ ఏడవలేదు. నా ఇంటి తలుపు, నా పెనం, చర్చికి వేసుకెళ్లే గౌను, ఇవన్నీ నేనూ ఎవరినో అడిగి తెచ్చుకున్నవే.

కానీ ఆ తొట్ల సంగతి వేరు.

మా ఊరి ముందు పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. పడవలు దూరడానికి దాంట్లో ఒకటే సందు. సందు పక్కన ఒడ్డు మీద ఒక స్తంభం, దాని మీద దీపం. ఒకప్పుడు ఆ దీపానికి ఎండతో కరెంటు పుట్టించే పలక, బ్యాటరీ ఉండేవి. వాటిని చూసుకునే పని నా భర్త కమావది. ఒకరోజు బెతేరో వచ్చి బ్యాటరీని బుబుసి చేశాడు, ఇంట్లో వీడియో చూడడానికి.

"అది ఊరిదిరా," అన్నాడు కమావ.

"నీ చేతిలో ఉంది కదన్నా," అన్నాడు బెతేరో.

తమ్ముడు. తీసి ఇచ్చేశాడు. కొత్త బ్యాటరీ వచ్చేదాకా కమావ తనే సాయంత్రాలు కిరోసిన్ లాంతరు తీసుకెళ్లి స్తంభానికి కట్టేవాడు. ఆ నెలలోనే ఒకసారి నేను పుట్టింట్లో చావుకి వెళ్లాను. అతను వేటకి వెళ్లాడు. లాంతరు కట్టాల్సిన మనిషి సముద్రం మీద ఉంటే లాంతరు ఎవరు కడతారు? చీకట్లో తిరిగొస్తూ సందు అనుకుని పడవని దిబ్బ మీదికి ఎక్కించాడు. పొద్దున పడవ ముక్కలు దొరికాయి. అతను ఆ మర్నాడు దొరికాడు.

బెతేరో చెడ్డవాడు కాదు. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది అతనే. బ్యాటరీ మాత్రం తిరిగి తేలేదు. అడిగి తీసుకున్నది తిరిగిచ్చే వస్తువు కాదు కదా. ఊరి పెద్దలు ఇంకో బ్యాటరీ తెప్పించారు. అది ఇంకెవరి ఇంటికో పోయింది. ఆ తర్వాత పలక కూడా పోయింది. స్తంభం మాత్రం మిగిలింది. ఎవరికీ దాంతో పని లేదు.

అలా ఉండగా ఎరేసియా వచ్చింది. మా పిల్లే, ఫిజీలో సువా పట్నంలో పెద్ద చదువు చదివింది. దీవి మధ్యలో ఉన్న ఉప్పు గుంటల్ని చూడడానికి ఇంకొందరితో కలిసి వచ్చింది. ఆ గుంటల్లో నీళ్లు సముద్రం కన్నా ఉప్పన, చేప బతకదు. అడుగున మాత్రం పాచి పేరుకుని ఉంటుంది, చాప మీద చాప పరిచినట్టు. పైన నారింజ రంగు, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద ఊదా, అట్టడుగున నల్లటి బురద. కాలు పెడితే మోకాలిదాకా దిగుతుంది, కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. మేం ఎవ్వరం అటు వెళ్లం. ఆ పిల్ల అందులో దిగి నవ్వుతూ నిలబడింది.

"ఇది ప్రాణమున్నది అత్తా," అంది. "కంటికి కనపడనంత చిన్నవి, కోట్లకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఎండ తిని బతుకుతాయి. తినేటప్పుడు కొంచెం కరెంటు ఒలకబోస్తాయి. ఆ ఒలికినదాన్ని నేను పట్టుకుంటాను."

"ఎంత ఒలుకుతుంది?"

"చాలా కొంచెం."

"ఫోనుకి సరిపోతుందా?"

"ఫోను నవ్వుతుంది అత్తా."

"రేడియోకి?"

"ఊహూఁ. ఒక చిన్న బల్బు, అదీ ఆగి ఆగి మిణుక్కుమంటుంది. కాకపోతే దీనికి బ్యాటరీ అక్కర్లేదు. పగలు తిన్నదాన్ని రాత్రి నెమరేస్తూ చీకట్లో కూడా కాస్త ఇస్తూనే ఉంటుంది."

నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. నేను ఎగతాళికి నవ్వలేదని ఆమెకి చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఫోనుకి చాలదు, వీడియోకి చాలదు, రేడియోకి చాలదు. అంటే ఎవడూ వచ్చి బుబుసి చెయ్యడు. ఈ దీవిలో నిలబడే కరెంటు ఏదైనా ఉంటే అది ఇదే.

పని అయిపోయి వెళ్లిపోయేటప్పుడు ఎరేసియా తను పాచి పెంచిన ఆరు తొట్లనీ నాకు వదిలేసి వెళ్లింది. అంతకు ముందే ఇద్దరం కలిసి వాటిని స్తంభం మొదట్లో రాళ్లు పేర్చి ఎండ తగిలేలా వరసగా పెట్టాం. ఒక్కో తొట్టి అడుగున నల్లటి బొగ్గు గుడ్డ, దాని మీద గుంటలోంచి కోసి తెచ్చిన పాచి, పైన ఆ గుంట నీళ్లే. నీళ్ల మీద ఒక అంచున తేలుతూ ఇంకో గుడ్డ ముక్క. తొట్టి నుంచి తొట్టికి వైరు. ఆరూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు ఉండాలి. ఒక్కటి వదిలేసినా దీపం ఆరిపోతుంది. వచ్చిన కరెంటుని చుక్కచుక్కగా పోగుచేసి బల్బుకి వదలడానికి చిన్న డబ్బా ఉంది. బల్బు వెనక బిస్కట్ల డబ్బా మూత మెరిసేలా తోమి నేనే బిగించాను.

పెద్ద పనేం కాదు. నీళ్లు ఆవిరైతే పొయ్యాలి, వానొస్తే మూతలు పెట్టాలి. గాజులా తేటగా ఉండే మూతలు అవి. గవ్వపీతలు లోపలికి దూరకుండా చూడాలి. ఎంత మురికిగా కనిపించినా కడగకూడదు. అన్నిటికన్నా నాకు కష్టమైంది ఇదే. నా పేరు 'పాచి తరూరు' అయిపోయింది. "అదుగో, బురదకి గంజి పొయ్యడానికి పోతోంది," అనేవాళ్లు. అనుకోనీ అనుకున్నాను.

ఎంత ఆలోచించినా, కరెంటు తప్ప ఇంకేదైనా అడగొచ్చని నాకు తట్టలేదు. బెతేరోకి కరెంటు వద్దు. తొట్లు కావాలి.

"ఇవ్వను," అన్నాను.

అతను విననట్టు చూశాడు. "రేపు పొద్దున కుర్రాళ్లని పంపిస్తాను, నువ్వు మొయ్యక్కర్లేదు."

"మరిదీ, ఇవ్వనన్నాను."

నీరా సీసా అలాగే పట్టుకుని నా వంక చూశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, ఎక్కడికి పోవాలో తెలీక.

"వదినా, నేను బుబుసి చేశాను."

"విన్నాను. పెనం కావాలా, ఇస్తాను. తలుపు ఊడదీసుకుపో. గౌను నీ పెళ్లాం తెబోరకి ఇస్తాను. ఆ తొట్లు ఇవ్వను."

"తలుపులో చేపలు ఎలా పెడతారు?"

"అది నీ తిప్పలు."

లేచి వెళ్లిపోయాడు. చేప మాత్రం వదిలేసి వెళ్లాడు, ఎందుకంటే ఇచ్చింది తీసుకెళ్లడం మాకు రాదు. దాన్ని నేను వండుకుని తిన్నాను.

మర్నాటికల్లా ఊరంతా తెలిసిపోయింది. దుకాణం దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాటలాపేశారు. ఒకామె తన కూతురితో, "అటు చూడకు," అంది, నేను బట్టల్లేకుండా నిలబడినట్టు.

రెండో రోజు మధ్యాహ్నం తోడికోడలు తెబోర వచ్చింది. కోపంగా లేదు. చేతులు మోచేతులదాకా తడిగా ఉన్నాయి.

"అక్కా, నీకు ఒంట్లో బాగుండడం లేదేమో అనుకున్నాను. అందుకే ఒప్పుకోలేదని ఆయనతో అన్నాను. రేవుకి వెళ్లి చూశాను. అమ్మో, ఏం మురికే అది! అలాంటివి ఇవ్వడానికి ఎవరికైనా సిగ్గే. ఒకటి ఇసక వేసి సబ్బుతో తోమేశాను. అద్దంలా ఉంది. మిగతావి రేపు చేసిపెడతాను. అప్పుడు ఇవ్వడానికి నీకు బాధ ఉండదు."

ఆమె మొహంలో వెతికాను, కావాలని చేసిందా అని. లేదు. నిజంగా నా పరువు కాపాడుతున్నాననే అనుకుంది. అలా అనుకున్నవాళ్ల మీద కేకలెయ్యడం కూడా కష్టం.

"ఇంకొకటి ముట్టుకున్నావంటే," అన్నాను, "నీ జుట్టు అదే ఇసకతో తోముతాను."

"కడిగిపెడితే తిడతావేంటక్కా!" అని ఏడుస్తూ వెళ్లింది.

ఆ సాయంత్రం చీకటి పడింది, దీపం వెలగలేదు. ఐదు తొట్లు ఎంత కష్టపడినా ఏం లాభం, ఆరోదాంట్లో పాచి లేకపోతే. ఎండు కొబ్బరి మట్టలు పోగేసి మంట పెడదామని ఒడ్డుకి పరిగెత్తాను. అప్పటికే దిబ్బ అవతల నుంచి కేకలు మొదలయ్యాయి.

"తరూరూ! ఓ తరూరూ! నీ పాచి చచ్చిందా ఏంటి?"

"సందు ఎక్కడే? ఎడమకా, కుడికా?"

"ఈ పూటే సెలవు పెట్టిందా నీ బురద!"

నేను నిలబడిపోయాను. నన్ను చూసి ముక్కు మూసుకున్న మగాళ్లే వాళ్లు. ఆ దీపం వంక చూస్తున్నామని ఒక్కడూ ఒక్కసారైనా చెప్పలేదు. ప్రతి సాయంత్రం దాన్ని చూసుకునే ఇంటికి వస్తున్నారన్నమాట. మట్ట అంటించి తలపైకెత్తి సందు పక్కన నిలబడ్డాను. "ఇటు! ఇటు రండిరా, పాచి వైపు!" అని గొంతు పోయేలా అరిచాను. పడవలు ఒక్కొక్కటే లోపలికొచ్చాయి. దిగినవాళ్లు నా వంక చూడకుండా చేపలు మోసుకుంటూ వెళ్లిపోయారు. ఒకడు మాత్రం, "రేపు వెలుగుతుందా?" అని నేల వంక చూస్తూ అడిగాడు.

"నన్ను చూసి అడిగితే చెప్తాను," అన్నాను. అడగలేదు.

మర్నాడు పొద్దున్నే కొడవలి, పాత పళ్లెం పట్టుకుని ఉప్పు గుంటకి వెళ్లాను. పాచిని పళ్లెం మీదికి తీయడం రొట్టెని పెనం మీంచి తీసినట్టే. చిరిగితే పొరలు కలిసిపోతాయి, పైది కిందికి పోతుంది, ఎండ అందక చస్తుంది. మోకాలిలోతు బురదలో నిలబడి ఒక్కో చదరం కోసి, చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి, స్తంభందాకా మోసుకొచ్చాను. కడిగిన తొట్టికి అది అలవాటు పడేదాకా ప్రతి సాయంత్రం మట్టలు కాల్చుకుంటూ ఒడ్డున నిలబడ్డాను. ఆదివారం నాటికి బల్బు నీరసంగా ఒక్కసారి మిణుక్కుమంది.

ఆ ఆదివారమే చర్చి అయ్యాక మనేబకి పిలిచారు. ఊరి విషయాలన్నీ మేం మాట్లాడుకునే పెద్ద పాక అది. ప్రతి కుటుంబానికీ ఒక స్తంభం దగ్గర చోటుంటుంది, మగాడు ముందు, ఆడవాళ్లు వెనక. కమావ పోయాక మా చోట ముందు ఎవరూ కూర్చోలేదు. ఆ రోజు నేను వెళ్లి ముందు చాప మీద కూర్చున్నాను. గుసగుసలు మొదలయ్యాయి. చెవిటిదానిలా ఊరుకున్నాను.

పెద్దాయన యొతేబ అందరికన్నా ముసలివాడు. అందుకే మొదట మాట్లాడేది ఆయనే.

"తరూరూ, నీ మరిది అడిగాడా?"

"అడిగాడు తాతా."

"అడిగింది నీ దగ్గర ఉందా?"

"ఉంది."

"మరి?"

"ఇవ్వనన్నాను."

ఆయన తల పట్టుకున్నాడు. "విరిగిపోయాయనో, వేరెవరికో మాటిచ్చాననో అనొచ్చు కదే. అబద్ధమని అందరికీ తెలిసేది, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఉందని చెప్పి, ఇవ్వనని చెప్పి, ఇంత మందిని ఇబ్బంది పెట్టాలా?"

కొందరు నవ్వారు. నేను నవ్వలేదు.

"ఒకసారి ఇదే చోట కూర్చునే మనిషిని ఇతనే అడిగాడు," అన్నాను. "దీపం బ్యాటరీ అడిగాడు. ఆయనకి ఇవ్వాలని లేదు. ఇవ్వకూడదని తెలుసు. ఇవ్వననడానికి నోరు రాలేదు. ఆయన్ని మీరందరూ కలిసే పూడ్చారు. మంచివాడు, ఎవరికీ లేదనలేదు అని పాటలు కూడా పాడారు."

"పోయినవాణ్ణి ఇందులోకి లాగకు," అన్నారు ఎవరో వెనక నుంచి.

"నేను లాగడం లేదు. ఆయన్ని లాగింది దిబ్బ. మొన్న ఆ దిబ్బ పక్కనే నిలబడి నా పాచి చచ్చిందా అని అరిచినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? ఇప్పుడు అరవండి."

బెతేరో తల వంచుకుని చాప నార పీకుతున్నాడు.

యొతేబ అన్నాడు: "నువ్వు చెప్పింది అబద్ధం కాదు. కానీ అడిగిన నోరు ఖాళీగా పోకూడదు. అది పోతే మనకి ఇంకేం మిగలదు. తొట్లు ఇచ్చెయ్. దీపానికి ఇంకేదైనా చూద్దాం."

ఆ 'చూద్దాం' నాకు తెలుసు. బ్యాటరీ పోయినప్పుడు కూడా ఇదే మాట అన్నారు.

"సరే తాతా," అన్నాను. "అడిగిన నోరు ఖాళీగా పోకూడదన్నావు కదా. నాకూ నోరుంది." బెతేరో వైపు తిరిగాను. "మరిదీ, నిన్ను బుబుసి చేస్తున్నాను. మొన్న నన్ను తొట్లు అడిగావే, ఆ అడగటాన్ని నాకిచ్చెయ్."

మనేబ ఒక్కసారి గొల్లుమంది. మళ్లీ ఒక్కసారే ఆగిపోయింది, అడగటాన్ని ఇచ్చేస్తే తొట్లు అతను అడగనట్టేనని అర్థమయ్యాక.

"అడగటాన్ని ఎలా ఇస్తారు?" అన్నాడు బెతేరో.

"నోరు మూసుకుని ఇస్తారు."

అతను పెద్దాయన వంక చూశాడు. పెద్దాయన కప్పు వంక చూశాడు. బెతేరో మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. లేదనడం అతనికి వచ్చా? జన్మలో ఎప్పుడూ అనలేదు, ఎవరూ అతన్ని అడగలేదు కాబట్టి.

"తీసుకో," అన్నాడు చివరికి. "కానీ ఇకమీదట నా గుమ్మంలోకి ఏదీ అడగడానికి రాకు."

"రాను."

"ఎవరి గుమ్మంలోకీ వెళ్లలేవు," అన్నాడు యొతేబ, బెదిరింపుగా కాదు, జాలిగా. "ఇవ్వనన్నదానికి ఎవరిస్తారే? ఇలాంటి అడగడం నేను పుట్టాక చూడలేదు. ఇది తప్పో కాదో నాకు తెలీదు. ఈ ఒక్కసారికే."

"ఈ ఒక్కసారికే కాదు తాతా. ఆ తొట్లు ఎవరు అడిగినా వాళ్ల అడగటాన్ని నేను అడుగుతాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు."

లేచి వంగకుండా బయటికి నడిచాను. పెద్దల ముందు వంగి నడవాలి మాకు. ఆ రోజు నడుం వంగలేదు.

ఆయన చెప్పినట్టే అయింది. వేట నుంచి వచ్చే పడవల్లోంచి నా వాటా రావడం ఆగిపోయింది. ఇంటి కప్పు కారింది, ఆకు కప్పడానికి సాయం అడగడానికి లేదు. నేనే ఎక్కి కప్పుకున్నాను, ఒక పక్క ఇప్పటికీ వంకరే. పాప పుట్టినరోజుకి పిలవలేదు. అయినా వెళ్లాను. నేను అల్లిన చాప పాప కింద పరిచి, వరసలో కూర్చున్నాను. తెబోర పళ్లెం నా ముందు పెట్టింది. "చేప బాగుంది," అన్నాను గట్టిగా, "ఏ పెట్టెలో పెట్టారో గాని." ఆమె పెదవులు బిగబట్టుకుంది, నవ్వు రాకుండానో, తిట్టు రాకుండానో.

దీపం మాత్రం వెలుగుతోంది. మబ్బు పట్టిన వారం నెమ్మదిగా, ఎండ కాసిన వారం చురుగ్గా.

పోయిన నెల అవతలి ఒడ్డు ఊరి నుంచి అకెనేతె అనే ఆమె పడవ మాట్లాడుకుని వచ్చింది. నాకన్నా చిన్నది. నీరా లేదు, చేప లేదు, ఖాళీ బక్కెట్టు మాత్రం తెచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"అక్కా, నిన్ను అడగాలంటే భయంగా ఉంది. నీ గురించి అక్కడ కూడా చెప్పుకుంటున్నారు."

"ఏం చెప్పుకుంటున్నారు?"

"అడిగితే కరుస్తావని."

"ఏం కావాలి?"

"మా సందు దగ్గర దీపం లేదు. బ్యాటరీ మా అన్నయ్య తీసుకెళ్లాడు. మా ఆయన రోజూ వేటకి వెళ్తాడు. తొట్లు నేను సంపాదించుకున్నాను. ఎరేసియా బొగ్గు గుడ్డ పంపిస్తానంది. పాచి మాత్రం…"

"పాచి ఎంతైనా కోసుకో. అది కోసిన చోట మళ్లీ అల్లుకుంటుంది. పద, ఎలా ఎత్తాలో చూపిస్తాను." ఆమె మొహం విప్పారింది. "కానీ ముందు ఇంకొకటి నేర్చుకోవాలి. కూర్చో. నేను మీ అన్నయ్యని."

"నువ్వా?"

"అవును. చూడు, ఎంత బాగా నవ్వుతున్నానో. అమ్మాయీ, నా బంగారు చెల్లీ, పిల్లలు ఎలా ఉన్నారు? ఆ తొట్లలో ఒక్కటి ఇవ్వమ్మా, పంది మేతకి కావాలి. నిన్ను బుబుసి చేస్తున్నాను."

"తీసుకెళ్లన్నయ్యా," అంది ఆమె, ఆలోచించకుండానే. అని నాలుక కరుచుకుంది.

"పోయింది నీ దీపం. మళ్లీ. చెల్లీ, ఒక్క తొట్టి."

"అది… అది విరిగిపోయింది అన్నయ్యా."

"అబద్ధాలొద్దు. విరిగింది బాగుచేసుకుంటానని పట్టుకుపోతాడు. మళ్లీ."

ఆమె నేల వంక చూసింది. లుంగీ అంచు నలిపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది, అయినా నేను నవ్వుతూనే ఉన్నాను, బెతేరోలా చెయ్యి చాపి.

"ఇవ్వను," అంది నోట్లోనే.

"ఏంటమ్మా, వినపడలేదు."

"ఇవ్వను!"

అంత గట్టిగా అరుస్తుందని నేనూ అనుకోలేదు. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. అకెనేతె రెండు చేతులతో నోరు మూసుకుంది, దొంగతనం చేసినదానిలా.

"చెయ్యి తియ్యి," అన్నాను. "వాళ్లు చూస్తున్నారు, చూడనీ. ఇంకోసారి, ఈసారి తలెత్తి."